ఒప్పుకోను, కానీ కాదనలేను

ఆ రోజు ఫోను ఎత్తింది మా అత్తగారు. గొడవంతా అక్కడే మొదలైంది.

మా అత్తగారు సుందరమ్మ గారికి కుడిచెవి వినపడదు. ఎడమచెవి తనకు నచ్చింది మాత్రమే వింటుంది. ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి, వకుళ గారికి చేసిన పరీక్షలో పక్షపాతం ఉన్నట్టు తేలిందనీ, ఇంట్లోవాళ్ళకు తెలియజేయమన్నారనీ మర్యాదగా చెప్పింది. మా అత్తగారు 'పా' తీసేసి 'వా' పెట్టుకుని విన్నారు. ఆ తర్వాత 'వా' ఒక్కటే మిగిలింది. వీధి వీధంతా వినపడేలా.

నేను ఇంటికొచ్చేసరికి వాకిట్లో చెప్పులు గుట్టపడి ఉన్నాయి. పక్కింటివాళ్ళు నువ్వులనూనె కాస్తున్నారు. ఎదురింటాయన ఒక బుట్టలో పావురాన్ని పట్టుకొచ్చాడు. వేడివేడి పావురం రక్తంతో మర్దన చేస్తే పడిపోయిన చెయ్యి లేస్తుందని ఆయన నమ్మకం. పావురం మాత్రం ఈ వైద్యం మీద నమ్మకం లేనట్టు బుట్టలో గింజుకుంటోంది. మనుషులు చంద్రుడి మీద కూరగాయలు పండిస్తున్న రోజులు గదా అని నేను అంటే, చంద్రుడి మీద పక్షవాతం ఎవరికి వచ్చింది గనక అని ఆయన నన్నే అడిగాడు.

మా అత్తగారు నా చొక్కా పట్టుకుని, "ఏ పక్కకొచ్చిందండి అల్లుడు గారూ?" అన్నారు.

నేనూ అదే ఆఫీసులో పనిచేస్తాను గనక ఫలితం నాకు ముందే తెలుసు. ఆవిడ ఏం విన్నారో తెలియదు, నూనే పావురమూ వీధిలో ఇంకెవరి కోసమో అనుకున్నాను.

"ఎడమ పక్కకండీ. ఏడు పాళ్ళు."

ఆవిడ అక్కడే కూలబడ్డారు. పదింట ఏడు పాళ్ళు పడిపోతే ఇంక మిగిలిందేముందని పక్కింటివాళ్ళు నూనె గిన్నె దించేశారు. సరిగ్గా అప్పుడు మా ఆవిడ వకుళ, స్కూటరు దానంతటది వీధి మలుపు తిరిగి వచ్చి ఆగగా, ఒక చేత్తో పనసపొట్టు సంచీ, ఇంకో చేత్తో ఆవపిండి పొట్లం పట్టుకుని దిగింది. రెండు చేతులూ, రెండు కాళ్ళూ, వాటికి తోడు నోరూ పూర్తిగా పనిచేస్తున్నాయి. జరిగింది తెలుసుకుని నవ్వలేక తల పట్టుకుంది. వాతం కాదమ్మా పాతం అని తల్లికి చెప్పడానికి అరగంట పట్టింది. పావురాన్ని వదిలేశాం.

నేను మాత్రం ఊరుకోలేదు. పక్షవాతమంటే ఒక పక్క పడిపోవడం, పక్షపాతమంటే ఒక పక్కకి పడిపోవడం, తేడా ఒక్క 'కి' మాత్రమేనని అత్తగారికి విడమర్చాను. వకుళ నుదురు కొట్టుకుని వంటింట్లోకి పోయింది. నా శ్లేషలకు ఆవిడ ఇచ్చే బిరుదు అదే. పెళ్ళయిన నాటి నుంచి ఆ నుదురు ఎన్ని దెబ్బలు తిన్నదో పాపం.

నా పేరు దొరబాబు. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున ఉన్న అంచనాల భవనంలో ప్రకటనలు రాసే ఉద్యోగం. వచ్చే ఏడాది రాష్ట్రానికి ఎంత వస్తుంది, ఎంత పోతుంది, ఏ పథకం పెడితే ఏమవుతుంది అని లెక్కగట్టేది ఆ భవనం. అంచనాకూ వంచనకూ మధ్య సున్న ఒక్కటే చుట్టరికం కాకూడదని పెద్దలు దాన్ని కట్టారు. అందులో రెండు బల్లలు. ఎడమ బల్లవాళ్ళది, సర్కారు చెయ్యి విదిల్చి ఖర్చు పెడితేనే ఊళ్ళలో డబ్బు తిరిగి, మళ్ళీ ఖజానాకు వస్తుందనే నమ్మకం. కుడి బల్లవాళ్ళది, చెయ్యి బిగబట్టి పన్నులు తగ్గిస్తేనే జనం తమంతట తాము సంపాదించి పైకొస్తారనే నమ్మకం. లోటులోనే ఓటు ఉందని ఎడమవాళ్ళను నేను ఆటపట్టిస్తే, మిగులు కోసం పడేదే దిగులని కుడివాళ్ళను ఏడిపించేవాణ్ణి. రెండు బల్లలవాళ్ళూ కలిసి నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు.

ఎడమ బల్లకు పెద్ద మా వకుళ. కుడి బల్లకు పెద్ద కలిదిండి విశ్వంభర రాజు గారు. భీమవరం పక్కన చేపల చెరువులవాళ్ళు. రాజు గారు రాజీ పడరు. మా భవనంలో ఒక పద్ధతి ఉండేది. ఏ అంచనా అయినా ఎదురు బల్లవాళ్ళు సొంత చేత్తో దాని కింద "ఒప్పుకోను, కానీ కాదనలేను" అని రాస్తేనే గడప దాటాలి. ఆ ఒక్క ముక్క రాబట్టడానికి వకుళా రాజు గారూ పొద్దున్నించి కొట్టుకునేవారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన క్యారేజీలో చేప పులుసు ఈవిడ తింటూ, ఈవిడ క్యారేజీలో పప్పుచారు ఆయన తింటూ, చేతులు ఎండిపోయేదాకా కొట్టుకునేవారు. ఆఖరికి ఆయన విసుగ్గా కలం అందుకుంటే ఆ అంచనాకు ఇంక తిరుగులేదన్నమాట.

కొత్త సర్కారు వచ్చింది. పాత సర్కారు అంచనాలన్నీ దానికి అనుమానాలుగా కనిపించాయి. మీ భవనంలో ఎవరు ఎటు వాలి ఉన్నారో ముందు తేల్చండన్నారు. ఏదో ఒక పాత ఏడాది లెక్కలు, ఏడాది పేరు చెరిపేసి, మావాళ్ళ ముందు పెట్టి, ఆ పై ఏడాది ఏమయ్యుంటుందో చెప్పమన్నారు. అలా బోలెడు ఏళ్ళు. తప్పు చెప్పడం తప్పు కాదు. తప్పులన్నీ ఒకే వైపు పడితే అది వాలు. వకుళ వాలు ఎడమకు ఏడు పాళ్ళు. రాజు గారి వాలు కుడికి ఏడు పాళ్ళు. ఆ విషయంలోనూ ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు.

పక్షవాతానికి మందు లేకపోయినా పక్షపాతానికి మాత్రం ఉందన్నారు. దాని పేరు నిష్కామ. చూడ్డానికి ఉన్నితో అల్లిన టోపీలా ఉంటుంది. దాన్ని కనిపెట్టింది డాక్టర్ మెహరున్నీసా గారు. సారా మానలేనివాళ్ళ కోసం తయారుచేశారు. తలకు తొడిగి మీట నొక్కితే, తలలో కోరిక పుట్టే చోటు చల్లబడుతుంది. ఎదురుగా సీసా పెట్టినా మనిషి దాన్ని కొబ్బరినూనె సీసాను చూసినట్టు చూస్తాడు. ఒక పూట గడిచాక వేడి తిరిగి వస్తుంది. ఆ టోపీ సర్కారు కంట్లో పడింది. సారా కోరిక పోగొట్టేది, అంకెల్లో దూరే కోరికను పోగొట్టలేదా అని ఒక కార్యదర్శి గారికి తోచింది. సర్కారు ప్రజలకు టోపీ పెట్టడం పాత సంగతి. తన నెత్తిన తనే పెట్టుకోవడం అదే మొదలు.

ఇకమీదట టోపీ పెట్టుకుని కట్టిన అంచనాయే చెల్లుతుందని ఉత్తర్వు వచ్చింది. ఎదురు బల్ల సంతకం ఇంక అక్కర్లేదు. రాజు గారు టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, తన తల మీద తలపాగా తప్ప ఏదీ నిలవదని బల్ల మీద పడేశారు. ఆయన్ని కాగితాలు, కలాలు ఉండే గదికి మార్చారు. వకుళ పెట్టుకుంది. నేను వద్దన్నాను. ఆవిడ వినలేదు. దానికి కారణం పడవ ఆస్పత్రులు.

సముద్రం ఉప్పొంగి ఉప్పునీరు గోదావరికి ఎదురెక్కుతున్న కాలం అది. లంక ఊళ్ళు ఏడాదిలో సగం రోజులు నీళ్ళ నడుమ చిక్కుకుపోతాయి. వాటికి తేలే ఆస్పత్రులు పెడితే ఎంత ఖర్చు, మనుషులు బతికి పనిలో నిలబడితే ఎంత తిరిగొస్తుంది అని లెక్కగట్టే పని ఆవిడది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చిన ఊళ్ళలో తిరిగి తిరిగి కట్టిన లెక్క. టోపీ వద్దంటే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"రెండు పూటలు టోపీ పెట్టుకుంటే పోయేదేముందండీ," అంది వకుళ. "జుట్టు చెదురుతుంది, అంతేగా."

మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చాక అత్తగారు ఏం కూర వండమంటావని అడిగారు. ఏదైనా అంది. ఏదైనా అనే కూర మా రాజమహేంద్రవరంలో దొరకదని నేను జోకు వేశాను. వకుళ నా వంక మర్యాదగా చూసింది. నుదురు కొట్టుకోలేదు. నవ్వనూ లేదు. కాసేపటికి వేడి తిరిగి వచ్చి, ఇందాక ఎంత చచ్చు జోకు వేశారండీ అని తీరిగ్గా నుదురు కొట్టుకుంది. బాకీ తీరింది.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు హాయిగానే ఉంది. ఫ్యాను నా వైపు తిరిగింది. టీవీలో నేను పెట్టిందే ఆడింది. తడి తువ్వాలు మంచం మీద వేసినా అడిగేవాళ్ళు లేరు. కోరికలు లేని ఇల్లాలు కోరి వచ్చిన వరమని స్నేహితుల దగ్గర గొప్పలు పోయాను. ఆ వేడి రావడం మాత్రం రోజురోజుకీ ఆలస్యమవుతోంది. సాయంత్రం వచ్చేది తెల్లవారి వచ్చింది. తర్వాత ఆదివారానికి గానీ రాలేదు. తర్వాత ఆదివారం వచ్చింది, అది రాలేదు.

ఆవ పెట్టిన పనసపొట్టు కూర ముందు పెడితే ఉప్పు చాల్లేదని అనలేదు. అద్భుతంగా ఉందని అనలేదు. అత్తగారు ఒకరోజు కావాలనే ఉప్పు వెయ్యకుండా వడ్డించి, కూతురు మొత్తం తినేసి చెయ్యి కడుక్కుంటే, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు. పక్షవాతమే నయం కదండీ అల్లుడు గారూ, తిట్టడానికి నోరన్నా ఉండేది అన్నారు.

ఆఫీసులో మాత్రం పండగ. టోపీ అంచనాలు వచ్చాయి. అన్ని పార్టీలూ మెచ్చుకున్నాయి. ఎడమ పార్టీవాళ్ళు ఏదీ తగ్గించలేదు గదా అని సంతోషించారు, కుడి పార్టీవాళ్ళు ఏదీ పెంచలేదు గదా అని సంతోషించారు. పత్రికలు దాన్ని నిష్పక్షపాత యుగం అన్నాయి. భోజనాల గదిలో ఎవరి క్యారేజీ వాళ్ళే తింటున్నారు. చెంచా చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు. పడవ ఆస్పత్రుల అంచనా కూడా వచ్చింది. సున్న. నిరుడు లేవు గనక వచ్చే ఏడూ ఉండవు. రాసింది వకుళే. నేను ఆ కాగితం పట్టుకుని, ఇదేంటని అడిగితే, నిరుడు ఉన్నాయా అని ఆవిడ నన్నే అడిగింది.

నాకు అసలు సంగతి తెలిసింది వంటింట్లో. వకుళ స్టవ్వు ముందు నిలబడి పాలగిన్నెనే చూస్తోంది. నేను గుమ్మంలో ఉన్నాను. పాలు సగం గిన్నె దగ్గర బుడగలు కట్టాయి, లేచాయి, అంచు దాకా వచ్చాయి. ఆవిడ కదల్లేదు. పాలు పొంగి స్టవ్వంతా పారి, మంట ఆరిపోయి మాడు వాసన వచ్చింది. అప్పటికీ చూస్తూనే ఉంది.

నేను మీట కట్టేసి, పొంగుతాయని తెలియలేదా అన్నాను.

"ఇందాక సగమే ఉన్నాయి గదండీ," అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో పిచ్చి లేదు, అలసట లేదు. అసలేమీ లేదు. పొంగిన పాలు తుడిచి నేను నేరుగా మెహరున్నీసా గారి ప్రయోగశాలకు పరిగెత్తాను.

ఆవిడ నా మాట వినగానే, టోపీలు పెట్టుకునే మిగతా ముగ్గుర్నీ పిలిపించారు. వాళ్ళ ముందు కుళాయి కింద బక్కెట్టు పెట్టి నీళ్ళు వదిలారు. సగానికి వచ్చింది. ఇంకాసేపటికి బక్కెట్టులో ఎంతుంటుందని అడిగారు. సగం అన్నాడు ఒకడు. సగం అన్నాడు రెండోవాడు. మూడో ఆయన ఆర్థికశాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకున్నవాడు. కొంచెం ఆలోచించి, సగం అన్నాడు. నీళ్ళు నిండి, పొర్లి, ఆయన చెప్పులు తడుస్తున్నాయి.

మెహరున్నీసా గారు కుళాయి కట్టేశారు. సారా మానలేనివాళ్ళకు ఆ టోపీ అప్పుడొక పూట, ఇప్పుడొక పూట పెట్టారావిడ. రోజూ, నెలల తరబడి ఎవరికీ పెట్టలేదు. అలా పెట్టొద్దని సర్కారుకు రాసిచ్చిన మాటను ఎవరూ చదవలేదు.

"కోరిక పోతే భయమూ పోతుంది దొరబాబు గారూ," అన్నారావిడ. "రేపు ఏమవుతుందోనని తొంగిచూసేది ఆ రెండే. ఈ రెండూ చల్లబడ్డ తలకు రేపు అనేది ఉండదు. నిన్నటినే మళ్ళీ చెబుతుంది. నేను వాలు తీసేశాననుకున్నాను. వాళ్ళను నిన్నటి మీదకి వాల్చేశాను."

వకుళ సంగతేంటని అడిగాను. టోపీ వెంటనే మానిపించమన్నారు. వేడి తిరిగి వస్తుందా అంటే, రావచ్చు, తనంతట తనే అంటుకోవాలి, మందు లేదు అన్నారు. నా ముందు అబద్ధం చెప్పలేదు. అందుకు ఆవిడంటే ఇప్పటికీ నాకు గౌరవం.

కార్యదర్శి గారి దగ్గరకు వెళితే, నెలల తరబడి భవనంలో ఒక్క గొడవ లేదు, ఇంతకన్నా రుజువేం కావాలన్నారు. మెహరున్నీసా గారు ఆయనతో వాదించడం మాని శాసనసభ లెక్కల సంఘం అధ్యక్షురాలి దగ్గరకు పోయారు. గంటా మరియమ్మ గారు ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పారు. లెక్క ఒప్పో తప్పో చేసి చూడందే ఎవర్నీ నమ్మరు. ఆవిడ ఒక బహిరంగ పరీక్ష పెట్టారు. పురమందిరంలో, జనం ముందు. ఒక పక్క టోపీలవాళ్ళు ముగ్గురు. ఇంకో పక్క టోపీ లేని పక్షపాతులు ఇద్దరు, పాత పద్ధతిలో. టోపీ గెలిస్తే శాశ్వతం. ఓడితే ఆస్పత్రికి వాపసు.

రాజు గారు కాగితాల గదిలోంచి సిరా అంటిన చొక్కాతోనే బయల్దేరారు. వకుళను నేను తీసుకెళ్ళాను. టోపీ మానేసి రోజులైనా ఆవిడలో వేడి లేదు. రమ్మంటే వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది. ఆ రోజు హాల్లో అందరూ టోపీ గెలుస్తుందా రాష్ట్రం గెలుస్తుందా అని చూస్తున్నారు. నేను మాత్రం మా ఆవిడ కళ్ళే చూస్తున్నాను.

మరియమ్మ గారు ఏదో పాత ఏడాది లెక్కలు పంచారు. ఏడాది పేరు లేదు. ఆ ఏడు రాష్ట్ర ఆదాయం నూటికి నాలుగు పెరిగింది. ఎక్కడో ఒక రేవు కడుతున్నారు, సగమైంది. వానలు బాగా పడ్డాయి. పై ఏడు ఎంత పెరిగిందో చెప్పాలి. టోపీలవాళ్ళు ముగ్గురూ మంచినీళ్ళు తాగినంత సేపట్లో నాలుగని రాసిచ్చేశారు. కార్యదర్శి గారు చప్పట్లు కొట్టారు.

ఈ పక్క రాజు గారు రెచ్చగొట్టడం మొదలెట్టారు. ఎడమ బల్లవాళ్ళకి డబ్బంటే గోదావరి నీళ్ళన్నారు. ఖర్చు పెట్టేది చేత్తో కాదు, నోటితో అన్నారు. మామూలు రోజుల్లో అయితే ఈపాటికి ఇంకు సీసా ఎగిరేది. వకుళ ఊ కొట్టింది. అలవాటైన చెయ్యి అలవాటుగా పదకొండని రాసి ఆయన ముందుకు తోసింది. ఎడమ బల్ల నుంచి వచ్చే అంకెల్లో కూడా అది మరీ ఎక్కువ. మామూలుగా ఆవిడ అక్కడ మొదలెట్టి, ఆయనతో కొట్టుకుని దిగొచ్చేది.

రాజు గారు ఆ అంకె చూశారు. వకుళ మొహం చూశారు. కలం తీసి అంకె కింద ఒకే ఒక్క మాట రాసి వెనక్కి తోశారు.

ఒప్పుకుంటున్నాను.

వకుళ చదివింది. కాగితం దగ్గరకు తీసుకుని మళ్ళీ చదివింది. కనుబొమలు ముడిపడ్డాయి. అన్ని నెలల్లో ఆ మొహం మీద నేను చూసిన మొదటి గీత అది.

"ఇదేంటండి రాజు గారూ?"

"ఒప్పుకున్నానమ్మా. పదకొండే."

"ఎలా ఒప్పుకుంటారండీ? రేవు పని సగమే అయింది గదా. ఓడ రాందే సుంకం ఎలా వస్తుంది?"

"మీరు రాశారు గదమ్మా. మీరు రాస్తే సరే మరి."

"నేను రాస్తే మాత్రం?" వకుళ లేచి నిలబడింది. "నేను తప్పు రాస్తే చూసేవాళ్ళు మీరే గదండీ. మీరూ ఊ అంటే ఇంక నన్ను చూసేదెవరు? ఇన్నేళ్ళొచ్చాయి, బుద్ధుండక్కర్లేదా మీకు?"

రాజు గారు తల వంచుకున్నారు. నాకు కనపడేది ఆయన భుజాలే. అవి నవ్వుతో కదులుతున్నాయో, ఇంకోదానితోనో చెప్పలేను. నా కాపురంలో అంత తియ్యటి తిట్టు నేను వినలేదు. అది నాకు పడలేదన్నదొక్కటే చింత.

ఇంక వకుళ ఆగలేదు. సుంకం కొట్టేసింది. వానలు పడ్డంత మాత్రాన ధాన్యం ధర నిలబడుతుందా అని అదీ కొంత కొట్టేసింది. పదకొండు ఎనిమిదైంది, ఏడైంది, ఆరైంది. ఐదుకు దించబోతుంటే రాజు గారు చటుక్కున కాగితం మీద చెయ్యి పెట్టారు. రేవు సగమే అయినా కట్టే కూలీలకు కూలి ముట్టింది గదా అన్నారు. ముట్టిన కూలి మూటగట్టి దాచుకోరు గదా, సంతకెళ్ళి బట్టలు కొంటారు, ఇంటికి రేకు వేయించుకుంటారు, ఆ రేకులవాడు ఇంకోడికి పని చెబుతాడు అన్నారు. ఇన్నేళ్ళూ చేప పులుసు మీదుగా వకుళ ఆయనకు నూరిపోసిన ముక్కలవి. ఒక్కసారీ ఒప్పుకోని మనిషి నోట్లోంచి వరసతప్పకుండా వస్తున్నాయి. వకుళ కూడా తక్కువ తినలేదు. ఆ కూలి డబ్బు అప్పులకే పోతుంది, ఖజానా ముందే ఎగిరెగిరి పడకూడదు అంటూ అచ్చం కుడి బల్ల పాఠం అప్పజెప్పింది. ఇద్దరికీ తాము ఎవరి పాట పాడుతున్నారో స్పృహ లేదు. కొట్టుకుంటున్నారు, అంతే. టోపీలవాళ్ళు ముగ్గురూ వాళ్ళ వైపు తిరిగి, ఎప్పుడో విడిచిన ఊరిని చూసినట్టు చూస్తున్నారు.

చివరికి ఒక కాగితం మీద ఆరు, ఒక కాగితం మీద తొమ్మిది. రెండింటి కిందా ఎదుటివాళ్ళ చేతిరాతతో, ఒప్పుకోను, కానీ కాదనలేను. నిజం ఈ రెండింటి నడుమ ఉంటుందని కలిపి ఒక మాట.

మరియమ్మ గారు కళ్ళజోడు సవరించుకుని ఆ ఏడు నిజంగా జరిగింది చదివారు. ఎనిమిది.

హాలు కప్పు లేచిపోయింది. గ్యాలరీలో ఎవరో ఈల వేశారు. మెహరున్నీసా గారు లేచి టోపీలవాళ్ళ దగ్గరకు వెళ్ళి, ముగ్గురి నెత్తిమీదా టోపీలు తనే తీసి చేతిసంచీలో పడేసుకున్నారు. కార్యదర్శి గారు మాత్రం కాగితాలు సర్దుకునే పనిలో పడ్డారు. మరియమ్మ గారు అక్కడికక్కడే చెప్పారు. టోపీలు ఆస్పత్రికి వాపసు. అంచనా గడప దాటాలంటే ఎదురు బల్ల చేతిరాత ఉండాల్సిందే, ఎవరి వాలు ఎటో కూడా దాని మొహం మీదే అచ్చు వేయాలి. పడవ ఆస్పత్రుల సున్న చెల్లదు, రేపటి నుంచి మళ్ళీ మొదలు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఎడమ పార్టీ సభ్యుడొకాయన లేచి, నిజానికి దగ్గరగా వచ్చింది తొమ్మిది గనక గెలిచింది మా ఖర్చు సిద్ధాంతమేనని వకుళకు దండ వేయడానికి దిగొచ్చాడు. కుడి పార్టీ ఆయన ఊరుకుంటాడా. ఆరు అన్నది వివేకం, వెర్రి ఆశలకు కళ్ళెం వేసింది మా రాజు గారి ఆరేనని ఇంకో దండ పట్టుకుని ఆయనా వచ్చాడు. తొమ్మిది గొప్పా ఆరు గొప్పా అని ఇద్దరూ వేదిక ముందే తగులుకున్నారు. ఆరును తలకిందులు చేస్తే తొమ్మిదే గదా అని నేను సర్దిచెప్పబోతే ఇద్దరూ కలిసి నన్ను కసిరారు. జనం రెండుగా చీలి అరుస్తున్నారు. చూశారా, మళ్ళీ కొట్లాటలు మొదలయ్యాయని కార్యదర్శి గారికి ప్రాణం లేచొచ్చింది.

వకుళ మైకు అందుకుంది.

"దండలు మార్చుకోండి," అంది. "తొమ్మిది రాజు గారిది. ఆరు నాది."

ఇద్దరి చేతుల్లో దండలు అలాగే ఉండిపోయాయి. ఎడమ పార్టీ ఆయన ఇన్నాళ్ళ తన సిద్ధాంతాన్ని కుడి చేతికి ఎలా ఇవ్వాలో తెలియక నిలబడ్డాడు. కుడి పార్టీ ఆయన మెచ్చుకున్న వివేకం వకుళది అని తెలిసి, ఆ వివేకాన్ని వెనక్కి తీసుకోలేక దగ్గాడు. అయితే మీ పక్షపాతం పోయినట్టేనా అని మరియమ్మ గారు అడిగారు.

"పోలేదండి. ఇద్దరికీ ఉంది, రేపూ ఉంటుంది. నా తప్పు పట్టుకోవాలని ఆయనకుంటుంది, ఆయన తప్పు పట్టుకోవాలని నాకుంటుంది. ఇవాళ ఆయన పట్టడం మానేశారు. దాంతో నా తప్పు నేనే పట్టుకోవాల్సొచ్చింది. నేను మరీ దించేస్తుంటే ఆయన ఆగలేకపోయారు. ఎవరు ఎటు కూర్చున్నామో మేమూ చూసుకోలేదు. ఈ దండలవాళ్ళు కుర్చీలు చూసి అంకెలు పంచారు, అంతే."

మొదట నవ్వింది మరియమ్మ గారు. తర్వాత సభ్యులు. తర్వాత హాలంతా. దండలు పట్టుకున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, దండలు మార్చుకుని, చివరికి వాళ్ళూ నవ్వేశారు. రాజు గారు ఒక్కరే నవ్వలేదు. చల్లగా నా పక్కకొచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు.

"దొరబాబు గారండీ, ప్రకటనలో ఆ తొమ్మిది నాదని మాత్రం రాయకండి. భీమవరంలో మావాళ్ళు నన్ను బతకనివ్వరు."

అది వకుళ చెవిన పడింది. రెండు చెవులూ బాగా పనిచేసే మనిషి. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"రాయండి," అంది నాతో, హాలంతటికీ వినపడేలా. "తొమ్మిది విశ్వంభర రాజు గారిది, ఆరు వకుళది. పెద్దక్షరాల్లో రాయండి. అలా రాయాలని నాకుంది."